గొంగళ్ల గదిలో మా అత్త గిటారు

పోయిన వారం యాలాల్ దిక్కు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. వికారాబాద్‌లో డిగ్రీ చదువుతున్నదట, వాళ్ళ నాయనకు గొర్రెలున్నాయట, తను గిటారు నేర్చుకుందట. మా చుట్టాల పిల్ల ఎవరో నా నంబరు ఇచ్చిందట.

"అక్కా, ఇంట్లనే గిటారు రికార్డు చేసుకోవాలంటే ఏం మైకు కొనాలె? నెట్ల చూస్తే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తున్నరు. మస్తు పరేషాన్ అయితున్న," అంది.

నాకు గిటారు వాయించడం రాదు. బడి మొఖం కూడా చూసినదాన్ని కాదు. చిన్నప్పుడు కాలు బాగలేక ఇంటిపట్టునే ఉండిపోతే, పక్కన కూర్చోబెట్టుకొని అక్షరాలు దిద్దించింది, రామాయణం చదివించింది మా మేనత్త. ఆ అమ్మాయి అడగవలసింది ఆమెను. ఆమె లేదు కాబట్టి ఫోన్ నాకు వచ్చింది. జవాబు చెప్దామని నోరు తెరిస్తే ఆమె మాటే వచ్చింది.

"మైకు సంగతి తర్వాత బిడ్డా. ముందు నువ్వు కూసొని వాయించే అర్రలకు పోయి ఒక్కసారి చప్పట్లు కొట్టు. ఆ ఇల్లు నీకేం జవాబిస్తదో విను."

ఫోన్‌లో ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. నవ్వనీ. మా అత్తను చూసి నవ్వనివాళ్ళు తాండూరులో ఎవరున్నారు కనుక!

మా అత్త ఏ ఇంటికి పోయినా గడప దాటగానే చప్పట్లు కొట్టేది. గట్టిగా, ఒకే ఒక్కసారి. తల కొంచెం పక్కకు వంచి వినేది. తర్వాతనే "బాగున్నరా" అని అడిగేది. మా ఊరి ఇండ్లు బండల ఇండ్లు. కింద బండ, గోడకు బండ, గూట్లో బండ, కొన్ని పాత ఇండ్లకైతే పైకప్పు కూడా బండే. చప్పట్లు కొడితే ఆ చప్పుడు గోడగోడకూ తగిలి తిరిగొస్తుంది. "ఈ ఇల్లు ఎదురు మాట్లాడే ఇల్లు," అనేది అత్త. పక్క వీధిలో మట్టిగోడల ఇల్లొకటి మిగిలి ఉండేది. దాంట్లో చప్పట్లు కొట్టి, "ఇది సల్లటి మనిషి, అన్నీ కడుపుల పెట్టుకుంటది," అని మురిసిపోయేది.

ఒకసారి పప్పుమిల్లు పెద్దమనిషి పోతే పలకరించడానికి వెళ్ళాం. ఆడవాళ్ళంతా ఏడుస్తున్నారు. అత్త లోపలికి అడుగుపెట్టి ఠప్పుమని చప్పట్లు కొట్టింది. ఏడుపు ఆగిపోయింది. మా అమ్మ అత్త చెయ్యి పట్టి గిచ్చింది. బయటికొచ్చినాక నిలదీసింది.

"మనిషి పోయిన ఇంట్ల చప్పట్లేంది వదినా? సిగ్గుతోని సచ్చిపోయిన!"

"ఇద్దరు ఏడుస్తుంటే పదిమంది ఏడ్సినట్టు ఎందుకు వినవడుతున్నదని చూసిన. బండలు. అంత బండలే. అసలు ఏడ్సేది ఇద్దరే."

అమ్మ మూడు వీధులు మాట్లాడలేదు. ఇంటి దగ్గరికొచ్చాక మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

అత్తకు గొంతు లేదు. అంటే మాట ఉంది, పాట లేదు. చిన్నతనంలో మా వీధి గుడిలో పొద్దున్నే స్వామికి మేలుకొలుపు పాడింది ఆమెనే. ఆ పాట మా నాయనమ్మది, నాయనమ్మకు వాళ్ళమ్మది. కొంచెం కన్నడం కలిసిన వరస, సరిహద్దు ఊళ్ళ వరస. తర్వాత ఊపిరితిత్తులకు జబ్బు చేసింది. వికారాబాద్ కొండ మీది దవాఖానలో చానా రోజులుంది. పెండ్లి మాటలు ఆ దవాఖాన గేటు దాటి లోపలికి రాలేదు. దాని గురించి అత్త ఎన్నడూ బాధపడినట్టు నేను చూడలేదు. పాట పోయినందుకే బాధపడింది. ఊపిరి నిలవదు, పాడొద్దు అన్నారట డాక్టర్లు.

ఆ వార్డులో ఒక నర్సమ్మ ఉండేదట. ఆదివారం చర్చిలో గిటారు వాయించేదట. వరండాలో చెట్ల గాలికి కూర్చున్న మా అత్త ఒడిలో గిటారు పెట్టి, "ఊపిరి లేకపోతే ఏంది? ఇది వేళ్ళతోని పాడుతది," అన్నదట. దగ్గరుండి వాయించడం నేర్పిందట. ఆ తల్లి పేరు అత్త దీపం పెట్టినప్పుడల్లా తలుచుకునేది. నేనూ తలుచుకుంటాను. ఏ దేవుని బిడ్డ అయితేనేం, మా ఇంటికి పాట తిరిగిచ్చిన మనిషి.

అప్పటి నుంచి అత్తకు ఒకటే పట్టుదల. ఆ మేలుకొలుపు మళ్ళీ ఆ గుడి మైకులో తెల్లారగట్ల మోగాలి. తన చేతి మీదుగా మోగాలి.

తీగె మీటడానికి కుడిచేతి గోళ్ళు పెంచేది, తీగె నొక్కడానికి ఎడమచేతివి మొదలంటా కత్తిరించేది. జొన్నరొట్టె కొట్టేటప్పుడు గోరు పిండికి తగలకుండా వేళ్ళు పైకి లేపి ఉత్త అరచేత్తో కొట్టేది. చూసిన ఆడవాళ్ళు, "ఏమమ్మా, ఒక్క చేతికే పెండ్లా?" అని ఎగతాళి చేసేవారు. "ఇంకో చెయ్యి సన్నాసం పుచ్చుకున్నది," అనేది అత్త.

ఇంట్లోనే రికార్డు చేసుకునే మైకు కొనడానికి హైదరాబాదుకు నన్ను తోడు తీసుకొని రైల్లో పోయింది. సంగీత సామాన్ల దుకాణం. గాజు తలుపు తోసుకొని లోపలికి పోగానే చప్పట్లు. గోడలకంతా మెత్తటి స్పాంజి అతికించి ఉంది. చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోయింది.

"ఇదేం ఇల్లు నాయనా, దూది మూటలెక్కున్నది. నీ దగ్గర ఏది కొన్నా మంచిగనే వినవడుతది. మా బండల ఇంట్ల ఏది మంచిగుంటదో అది చెప్పు," అంది.

దుకాణం పిలగాడు మర్యాదస్తుడు. "ఎవరి కోసం మేడం? పిల్లలకా?"

"పిల్లలకే. మా అమ్మకు నేను పిల్లనే కద."

ఆ పిలగాడు రెండు మైకులు ముందు పెట్టాడు. ఒకటి స్టేజీ మీద పట్టుకునేది. దగ్గరి చప్పుడే తీసుకుంటుంది, దూరపుది పట్టించుకోదు. రెండోది కండెన్సర్ మైకు. గదిలో చీమ నడిచినా పట్టేస్తుంది. "మీ ఊర్లో బండల మిషన్లు ఉన్నాయంటున్నారు కాబట్టి మొదటిదే తీసుకోండి మేడం," అని మంచిమాటే చెప్పాడు. నాకూ అదే నయమనిపించింది.

అత్త వినలేదు. "నా వేలు తీగెను ముట్టక ముందు వచ్చే చప్పుడు కూడా వినాలె అది. సగం విని సగం ఇడిసిపెట్టేటోళ్ళు నాకు ఇంట్ల శానమందున్నరు," అంది. రెండోదే కొన్నది. దాంతోపాటు మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే చిన్న పెట్టె, మూడు కాళ్ళ స్టాండు.

ఇక్కడే మా ఇంటి అసలు తమాషా. మా నాయనకు బండల వ్యాపారం, పాలిష్ యూనిట్. చెల్లెలు రికార్డింగు గది కావాలన్నదని ఆయనకు ప్రేమ పొంగింది. మేము రైలు దిగి ఇంటికొచ్చేసరికే మేస్త్రీలను పెట్టి మూల గదికి నాలుగు గోడలకూ పాలిష్ బండలు వేయిస్తున్నాడు. నీలం బండ, మధ్యలో పసుపు పట్టీ. అద్దంలా మొహం కనబడుతుంది. మా ఊళ్ళో మనిషికి మర్యాద చెయ్యాలంటే బండ వేస్తారు. వేరే మర్యాద మాకు తెలియదు.

అత్త గదిలో కూర్చొని ఒక పాట వాయించి, రికార్డు చేసి, వింది. తలపట్టుకుంది.

"అన్నా, బాయిల పడ్డ బిందె లెక్కున్నదే!"

"మంచిగనే ఉన్నది కదనే. గుళ్ళె వాయించినట్టే ఉన్నది!"

"గుళ్ళె దేవుడుంటడు, ఎంత మోగినా ఆయన సముదాయించుకుంటడు. ఈడ నేనున్న. గీ బండలు కప్పెయ్యాలె."

"కప్పుతవా? కరణ్‌కోట గనుల కాడికి నేనే పోయి ఒక్కొక్కటి చూసి ఏరుకొచ్చిన! నా కండ్ల ముంగట కప్పుతవా?"

"కండ్లు మూసుకో."

వారం రోజులు అన్నాచెల్లెళ్ళు ఎదురుబొదురు కూర్చొని తినలేదు. అత్త మాత్రం యాలాల్ పోయి గొర్లకాపరుల ఇండ్లల్లో గొర్రెబొచ్చుతో నేసిన పాత గొంగళ్ళు తెచ్చింది. నల్లటివి, బరువైనవి, ముతకవి. గోడలకు మేకులు కొట్టనివ్వను అన్నాడు నాయన. మేకులు కొట్టకుండా మంచం పట్టెలు నిలబెట్టి వాటికి వేలాడదీసింది. మూలల్లో చప్పుడు గుమిగూడుతున్నదని కందుల బస్తాలు నిలువునా పేర్పించింది. కందులకు మా ఊళ్ళో ఏం కరువు? చప్పట్లు కొట్టి చూస్తే ఈసారి గోడలు నోరు మూసుకున్నాయి. వానకాలం వస్తే ఆ గది అంతా గొర్రెల మంద వచ్చి పండుకున్నట్టు వాసన. అత్తకు ఆ వాసన కూడా ఇష్టమే.

మా అమ్మ ఎప్పుడన్నా మిల్లుకు పంపడానికి ఒక బస్తా తీయించిందంటే అత్త పసిగట్టేది.

"వదినా, తూర్పు మూల బస్తా తీసినవా? మంద్రం తీగె బుగ్గ పొంగినట్టు మాట్లాడుతున్నది."

"పప్పు వద్దా మరి? గిటారు వండిపెట్టాల్నా?"

గోడల గొడవ తీరింది, మరి బయటి చప్పుడు? మైకు అన్నీ వినేదే కదా. బండలు కోసే మిషన్లు, పక్కింటి కుక్కరు, దూరంగా గనిలో పేలుళ్ళు, రైలు కూత, అన్నీ పాటలో వచ్చి కూర్చున్నాయి. దుకాణం పిలగాడు చెప్పిన మాట నేను గుర్తు చేశాను. "మైకు తప్పేం లేదు. ఊరే జర ఎక్కువ మాట్లాడుతున్నది," అంది అత్త. మైకును మార్చలేదు. ఊరు ఎప్పుడు నోరు మూస్తుందో కనిపెట్టింది. కరెంటు పోయినప్పుడు.

లైను పని ఉందని పొద్దటి పూట కరెంటు తీస్తే మిషన్లన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. మిక్సీలు, మోటర్లు, టీవీలు అన్నీ. ల్యాప్‌టాప్ బ్యాటరీతో నడుస్తుంది, దాని మీదే చిన్న పెట్టె, మైకు నడుస్తాయి. ఊరంతా లైన్‌మన్‌కు ఫోన్ చేసి కరెంటు ఎప్పుడొస్తది అని తిడుతుంటే, మా అత్త ఫోన్ చేసి, "తమ్మీ, మళ్ళ ఎప్పుడు తీస్తవ్?" అని అడిగేది. ఆయన మొదట్లో వెటకారమనుకొని కోపం చేశాడు. తర్వాత తనే ముందుగా చెప్పడం మొదలుపెట్టాడు. "అక్కా, రేపు పొద్దుగాల తీస్తున్నం. గిటారు తయారు పెట్టుకో." అతనికి కూడా నా దండాలు.

ఫ్యాను ఆగినాక అందరం విసనకర్రలు పట్టుకొని వాకిట్లోకి పరుగెత్తితే, ఆమె గిటారు పట్టుకొని గొంగళ్ళ మధ్యకు పరుగెత్తేది. చెమటతో తడిసిపోయేది. మైకు గిటారు నోటికి, అంటే నడుమ ఉండే గుండ్రటి రంధ్రానికి, ఎదురుగా పెట్టేది కాదు. మెడ వచ్చి ఒంటిని కలిసే చోట, జానెడు దూరంలో, కొంచెం ఏటవాలుగా పెట్టేది. "నోటికాడ పెడితే ఎవ్వరన్నా ఒర్లుతరు కోడలా. మెడకాడ చెవి పెట్టు, గుట్టుగ మాట్లాడుతరు," అనేది. యాలాల్ అమ్మాయికి ఇది కూడా చెప్పాను. ఈసారి నవ్వలేదు ఆ పిల్ల. "మళ్ళొకసారి చెప్పక్కా, రాసుకుంట," అంది.

అట్లా ఎన్నెన్నో పొద్దుల తర్వాత మేలుకొలుపు అత్త మనసుకు వచ్చినట్టు కుదిరింది. పెన్‌డ్రైవ్‌లో వేసుకొని, స్నానం చేసి, పూలు పెట్టుకొని, గుడికి పోయింది. వెంట నేను.

భజన మండలి పెద్ద మాకు వరసకు పెద్దనాయన అవుతాడు. చెడ్డవాడు కాదు. ఆయన తాళం వేస్తే రాయి కూడా ఊగుతుంది. గుడి మైకు ఆయన చేతిలో ఉంటుంది. పాట మొత్తం విన్నాడు, కండ్లు మూసుకొని విన్నాడు.

"మంచిగున్నది చెల్లె. కని మాటేది? సామి పేరు లేకుంట మేలుకొలుపు ఎట్లయితది?"

"గంట కొడుతున్నవ్ గదన్నా. గంటకు మాటలొస్తయా?"

"గంట గంటనే. గిటారు పెండ్లి బ్యాండుల వాయించేది."

"డోలు పెండ్లిల వాయించరా? సన్నాయి వాయించరా?"

ఆయనకు కొంచెం ఇబ్బంది అయింది. పక్కనున్నవాళ్ళు చూస్తున్నారు. గొంతు తగ్గించి ఒక దారి చూపించాడు. "ఒక పని చేద్దాం. మా అల్లుడు మంచిగ పాడుతడు. నీ గిటారు మీదికెళ్ళి వాని గొంతు పెడుదాం. రెండూ దక్కుతయ్."

మా అత్త పెన్‌డ్రైవ్ తీసి కొంగుకు ముడివేసుకుంది.

"నా గొంతు పోయిందన్నా. అది సామి ఇచ్చిండు, సామి తీసుకున్నడు, నాకు ఫికర్ లేదు. దాని జాగల ఇంకొకరిని కూసోపెడితే మాత్రం నేను రెండుసార్లు పోయినట్టు. నా లెక్కనే వేస్తె వెయ్. లేకుంటె నీ గుడి నీది, నా దేవుడు నాతోని ఇంటికొస్తడు."

అని స్వామికి దండం పెట్టుకొని, తీర్థం తీసుకొని మరీ వచ్చింది. ఆ తర్వాత కూడా శనివారం భజనకు పోవడం మానలేదు. వెనక వరుసలో పెదవులు కదపకుండా కూర్చునేది. "మూగ భజన" అని వెనక గుసగుసలాడేవారు. అత్త ఒళ్ళో వేళ్ళు కదులుతూనే ఉండేవి, లేని తీగెల మీద. మళ్ళీ ఒక్కసారి కూడా పెద్దనాయనను అడగలేదు.

పోయిన వానకాలం మా అత్త పోయింది. గొంగళ్ళ గదిలోనే, నా చెయ్యి పట్టుకొని. ఎక్కువ బాధ పెట్టకుండా తీసుకుపోయినందుకు స్వామికి నేను రుణపడి ఉన్నాను.

కర్మకాండ అయిపోయినాక పెద్దనాయన మా ఇంటికి వచ్చాడు. గొంతు సవరించుకొని నాయనతో అన్నాడు, "చెల్లె పాట గుళ్ళె వేద్దామనుకుంటున్నం. మీదికెళ్ళి గొంతు ఏం పెట్టం. ఉత్త గిటారే." నాయన నా దిక్కు చూపించాడు. పాటలన్నీ నా దగ్గర ఉన్నాయి.

ల్యాప్‌టాప్ తెచ్చి అరుగు మీద పెట్టి, అత్త ఎంచుకున్నదే వినిపించాను. అది ఒక దగ్గుతో మొదలవుతుంది. చిన్నగా, లోపలి నుంచి, ఊపిరి చాలక వచ్చే దగ్గు. తర్వాత గాలి పీల్చుకున్న చప్పుడు. అప్పుడు మొదటి తీగె. ఆ మైకు ఏదీ వదిలిపెట్టదు కదా. దగ్గు లేకుండా శుభ్రంగా వచ్చినవి వేరే ఉన్నాయని అప్పుడే అత్తకు చెప్పి చూశాను నేను. "దగ్గు లేకుంటె వాయించింది ఎవరో సామికి ఎట్ల ఎరుక?" అని దీన్నే ఉంచమన్నది. గుడికి తీసుకుపోయింది కూడా దీన్నే. ఆ రోజు అంతమంది నడుమ పెద్దనాయన దగ్గు మాట ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తాడు.

"బిడ్డా, మొదట్ల గా దగ్గు తీసెయ్. తీసుడు అల్కనే కద."

అల్కనే. రెండు మీటలు నొక్కితే పోతుంది. నేను పెద్దల ముందు తల ఎత్తి మాట్లాడిన మనిషిని కాదు. అయినా అన్నాను.

"తియ్య, పెద్దనాయనా."

"గుళ్ళె మైకుల దగ్గు వినవడితే జనం ఏమంటరు?"

"జనం దగ్గుకుంటనే వస్తరు కదా గుడికి. ఈ ఊర్ల బండల దుమ్ముకు దగ్గనిదెవరు? దగ్గుతున్నవని ఎవ్వరినన్న గడప కాడి నుంచి వాపస్ పంపిన్రా?"

నాయన తల వంచుకొని కూర్చున్నాడు. ఆయన యూనిట్‌లో పనిచేసేవాళ్ళ దగ్గు ఆయనకూ తెలుసు.

"అత్త బతికున్నప్పుడు ఒక గొంతు కలుపుతమన్నరు. పోయినాక ఒక దగ్గు తీస్తమంటున్నరు. ఎట్లున్నదో అట్ల వెయ్యుండ్రి. లేకుంటె మా ఇంట్లనే మోగుతది, మాకేం తక్కువ కాదు."

అమ్మ చాయ్ తెచ్చి పెట్టింది, అది చల్లారింది. చివరికి పెద్దనాయన చెయ్యి చాపాడు. పెన్‌డ్రైవ్ ఇచ్చాను. వేస్తాననీ అనలేదు, వెయ్యననీ అనలేదు.

కార్తీకం మొదటి సోమవారం పొద్దున్నే నేను గుడికి పోయాను. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. దీపాలు పెట్టే ఆడవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. పెద్దనాయన మైకు పెట్టె దగ్గర నిలబడ్డాడు. నన్ను చూశాడు, చూడనట్టు తల తిప్పుకున్నాడు. మీట నొక్కాడు. చెయ్యి సౌండు తగ్గించే దాని మీదే పెట్టి ఉంచాడు. నేను ఆ చేతినే చూస్తున్నాను.

దగ్గు వచ్చింది. గోపురం మీది హారన్ల నుంచి, బండల కప్పుల మీదుగా, వీధి వీధికీ. ఆయన చెయ్యి కదలలేదు.

లోపల తెర తియ్యబోతున్న పూజారి ఆగి, గుమ్మం దిక్కు తిరిగి చూశారు.

"ఎవరో వచ్చినట్టున్నరే?"

"మా చెల్లె," అన్నాడు పెద్దనాయన. "తెర తియ్యుండ్రి."